పీచు మిఠాయి: నిషేధం మిఠాయి మీదా, గులాబీ రంగు మీదా?

క్లుప్తంగా

2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాలను ఆపించాయి. మరుసటి నెలలో కర్ణాటక రంగు కలిపిన పీచు మిఠాయిని మాత్రమే నిషేధించి, తెల్లదాన్ని వదిలేసింది. మూడు చోట్లా కారణం రోడమిన్-బి అనే బట్టల రంగు. తిండిలో కలపడానికి మన దేశంలో అనుమతి ఉన్న రంగుల జాబితాలో అది లేదు. మిఠాయి మట్టుకు వట్టి పంచదారే. ఆ పంచదార దారాలుగా మారే పద్ధతిని చూస్తే, సహజమైన రంగులు అందులో ఎందుకు నిలవవో, ఈ రంగు అంత సులువుగా ఎలా దూరిందో అర్థమవుతుంది.

ఆపేశారన్నారు, మళ్లీ అమ్ముతున్నారేం?

వెదురు గెడకు గులాబీ పొట్లాలు గుత్తులుగా కట్టుకుని, చేతిలో గంట మోగిస్తూ బీచ్‌లోనో తిరునాళ్లలోనో తిరిగే మనిషిని చూస్తే ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులకు రెండు ఆలోచనలు ఒకేసారి వస్తాయి. ఒకటి, చిన్నప్పుడు మనమూ తిన్నదే కదా. రెండు, దీన్ని నిషేధించారని వార్తల్లో వచ్చింది కదా. ఈ రెండో మాట సగమే నిజం. ఎక్కడ, దేన్ని, ఎంతకాలం ఆపారన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంది.

మొదట కదిలింది పుదుచ్చేరి. అక్కడ అప్పట్లో లెఫ్టినెంట్ గవర్నర్ బాధ్యతలు చూస్తున్నది తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్. పీచు మిఠాయిలో రోడమిన్-బి దొరికిందనీ, పిల్లలకు కొనిపెట్టొద్దనీ ఆమే స్వయంగా ప్రకటించారు. నాణ్యత సర్టిఫికెట్ తెచ్చుకునే దాకా అమ్మకాలు ఆపాలన్నది అక్కడి ఆదేశం. ఆ వెంటనే చెన్నై మెరీనా బీచ్‌లో శాంపిళ్లు తీసి ల్యాబుకు పంపారు. ఫలితాలు వచ్చాక ఫిబ్రవరి 17న తమిళనాడు నిషేధం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ రోజుల్లోనే అధికారులు శాంపిళ్ల సేకరణ మొదలుపెట్టారు. మార్చిలో హిమాచల్ ప్రదేశ్ ఏడాది పాటు ఆపేసింది.

కర్ణాటక కాస్త భిన్నంగా వెళ్లింది. మార్చి 11న ఆ రాష్ట్రం బయటపెట్టిన లెక్క ప్రకారం 25 పీచు మిఠాయి శాంపిళ్లు పరీక్షిస్తే 15 సురక్షితం కావని తేలాయి. అదే ప్రకటనలో గోబీ మంచూరియా లెక్క కూడా ఉంది: 171 శాంపిళ్లలో 107 పనికిరానివి. పీచు మిఠాయి గొడవలో జనం ఈ రెండో అంకెను పెద్దగా పట్టించుకోలేదు గానీ, అసలు సంగతి చెప్పేది అదే. సమస్య ఫలానా మిఠాయిది కాదు, రంగుది. కర్ణాటక ఆదేశం కూడా ఆ సంగతి గుర్తించింది. రంగు వేసిన పీచు మిఠాయి కూడదు, రంగు లేనిది అమ్ముకోవచ్చు అంది.

ఇక ‘నిషేధం’ అన్న మాట. 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ ప్రజారోగ్యం కోసం ఏ తినుబండారాన్నైనా ఆపించవచ్చు. అయితే ఆ ఆదేశం ఏడాదికి మించి ఉండకూడదు. గుట్కా నిషేధాన్ని ఏటేటా కొత్తగా ప్రకటించడానికి కారణం ఇదే. కాబట్టి ఒక రాష్ట్రంలో ఆగిన మిఠాయి తర్వాత మళ్లీ బజారులో కనబడితే అందులో వింతేం లేదు. రోడమిన్-బి సంగతి అలా కాదు. దానికి గడువు లేదు, రాష్ట్రాల సరిహద్దులూ లేవు. అది ఎక్కడా, ఎప్పుడూ తిండిలో కలపకూడనిదే.

ఒకటే పంచదార, మూడు అవతారాలు

పీచు మిఠాయిలో ఏముంటుంది అని అడిగితే పంచదార, రంగు అంతే. కొన్నిట్లో కాస్త ఎసెన్స్. ఇంత తక్కువ సరుకుతో తయారయ్యే మిఠాయిలు అరుదు. దాని ప్రత్యేకతంతా పంచదారను ఏ స్థితిలో ఆపారన్న దాంట్లోనే ఉంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన మరో రెండు పాత మిఠాయిలను పక్కన పెట్టి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

పెళ్లి సారెలో పెట్టే పంచదార చిలకలను తీసుకోండి. పంచదారను ముదురు పాకం పట్టి, బాగా తిప్పి, చెక్క అచ్చుల్లో పోసి ఆరనిస్తారు. చల్లారేటప్పుడు పంచదార మళ్లీ స్ఫటికాలుగా కూడుకుంటుంది. అందుకే చిలక కొరికితే పొడిపొడిగా రాలుతుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది, ఎండకూ వానకూ పెద్దగా చలించదు.

తిరునాళ్లలో దొరికే జీళ్లది మరో దారి. పాకాన్ని పలక మీద పోసి, ముద్ద కాగానే గుంజకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతారు. లాగి, మడిచి, మళ్లీ మేకుకు వేసి లాగుతారు. మొదట ముదురు గోధుమ రంగులో ఉన్న ముద్ద పది పదిహేను నిమిషాల్లో కళ్లముందే తెల్లబడుతూ పట్టులా మెరుస్తుంది. అక్కడ ఎవరూ రంగు వేయరు, తీయరు. లాగినప్పుడల్లా సన్నటి గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి. వాటి మీద పడిన వెలుతురు చెదిరి మనకు తెల్లగా కనిపిస్తుంది. కర్రకు చుట్టుకొచ్చి, పిల్లల చేతికి గడియారంలాగో, పూలలాగో చేసి ఇచ్చే సాగే మిఠాయిదీ ఇదే సూత్రం.

పీచు మిఠాయిలో పాకమే ఉండదు, నీళ్లూ ఉండవు. యంత్రం మధ్యలో గిన్నెలాంటి తల ఒకటి ఉంటుంది. దాని అంచు చుట్టూ సన్నటి రంధ్రాలు. పంచదార పలుకులు అందులో వేసి వేడి చేస్తే 180 డిగ్రీలు దాటాక కరుగుతాయి. తల నిమిషానికి మూడు వేల సార్లకు పైగా తిరుగుతుంటుంది కాబట్టి కరిగిన పంచదార రంధ్రాల్లోంచి బయటికి విసిరినట్టు వస్తుంది. గాలి తగలగానే క్షణంలో గట్టిపడిపోతుంది. స్ఫటికంగా వరస కట్టడానికి దానికి తీరికే దొరకదు. గజిబిజిగా ఉన్నది ఉన్నట్టే గడ్డకట్టిన ఈ స్థితిని గాజు స్థితి అంటారు. మాటవరసకు కాదు, కిటికీ అద్దం ఏ అర్థంలో గాజో, పీచు మిఠాయి కూడా ఆ అర్థంలోనే పంచదార గాజు. ఈ పనికి మెత్తటి పొడి పంచదార పనికిరాదు. కరగకుండానే రంధ్రాల్లోంచి ఎగిరిపోతుంది. పలుకున్న పంచదారే కావాలి.

దారం ఎంత సన్నమో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. పొట్లంలో 25 గ్రాముల పంచదార ఉందనుకుందాం. దాన్ని ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమున్న దారంగా తీస్తే, పొడవు దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు వస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి చార్మినార్‌కు తిన్నగా గీత గీస్తే సుమారు అంతే. అంత దారం గుప్పెట్లో నలిగి, నోట్లో పెట్టుకోగానే మాయమైపోవడానికి కారణం కూడా ఆ సన్నదనమే. ఎనిమిదిన్నర కిలోమీటర్ల దారాన్ని ఉమ్మి ఒకేసారి అన్ని వైపుల నుంచీ కరిగిస్తుంది.

పళ్ల డాక్టరు చేసిన యంత్రం

పంచదారను దారాలుగా తీయడం కొత్త విద్య కాదు. ఇరాన్‌లో పష్మక్, టర్కీలో పిష్మానియే, చైనాలో డ్రాగన్ గడ్డం మిఠాయి, మన సోన్ పాపిడి, అన్నీ ఆ కోవలోనివే. వాటిలో దారాలను చేత్తో లాగి, మడిచి తీస్తారు. పష్మక్‌లో, సోన్ పాపిడిలో పిండి, నెయ్యి పడతాయి. ఆ చమురు దారాలు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడుతుంది. కానీ వీటికి చెయ్యి తిరిగిన వంటవాళ్లు కావాలి, సమయం కావాలి.

ఈ రెండూ అక్కర్లేని యంత్రాన్ని 1897లో అమెరికాలోని నాష్‌విల్‌లో విలియం మోరిసన్, జాన్ వార్టన్ అనే ఇద్దరు తయారుచేశారు. వార్టన్ మిఠాయి వ్యాపారి. మోరిసన్ దంతవైద్యుడు. పిల్లల పళ్లు పాడుచేసే మిఠాయికి పళ్ల డాక్టరే మూలపురుషుడు కావడం మీద అప్పటినుంచీ జోకులకు కొదవ లేదు. 1899లో పేటెంట్ వచ్చింది. 1904లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ‘ఫెయిరీ ఫ్లాస్’ పేరుతో పెట్టె 25 సెంట్ల చొప్పున అమ్మారు. ప్రదర్శన టికెట్ ధర 50 సెంట్లు. అంటే లోపలికి పోయే ఖర్చులో సగం ఒక్క మిఠాయికి. అయినా 68,655 పెట్టెలు అమ్ముడుపోయాయి. 1921లో న్యూ ఆర్లీన్స్‌కు చెందిన జోసెఫ్ లాస్కో ఇలాంటి యంత్రమే చేసి ‘కాటన్ క్యాండీ’ అన్న పేరు పెట్టాడు. ఆయన కూడా దంతవైద్యుడే.

తొలి యంత్రాలు బాగా కుదిపేవి, ఊరికే చెడిపోయేవి. 1949లో సిన్సినాటికి చెందిన గోల్డ్ మెడల్ కంపెనీ అడుగున స్ప్రింగులు పెట్టి ఆ కుదుపు తగ్గించాక జాతరలకూ సర్కస్‌లకూ మోసుకెళ్లడం తేలికైంది. మన ఊళ్లలో కరెంటు లేకుండా చేత్తో చక్రం తిప్పే యంత్రాలు చాలాకాలం నడిచాయి. అందులో వేడికి కింద స్టవ్వు, తిరగడానికి మనిషి చెయ్యి.

పళ్ల విషయానికి వస్తే ఒక మాట. 25 గ్రాముల పంచదార అంటే దాదాపు 100 కేలరీలు. ఒక కూల్‌డ్రింక్ క్యాన్‌లో ఉండే పంచదార కన్నా తక్కువే. చూడ్డానికి తలకాయంత ఉన్నా అందులో ఎక్కువ భాగం గాలి. అలాగని మంచిదని కాదు. పెద్దవాళ్లకు విడి పంచదార రోజుకు సుమారు 25 గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పొట్లం ఒక్కదానితోనే అది అయిపోతుంది. కానీ రెండు జిలేబీలు పెట్టి, పీచు మిఠాయి దగ్గర మాత్రం పంచదార గురించి భయపడటంలో అర్థం లేదు.

పొట్లంలోకి ఎందుకు వెళ్లింది?

పంచదార గాజుకు పెద్ద శత్రువు తేమ. కాస్త నీటి ఆవిరి తగిలితే చాలు, గజిబిజిగా ఉన్న అణువులకు కదిలే వీలు దొరికి మళ్లీ స్ఫటికాలుగా వరస కట్టేస్తాయి. దారాలు కుంగి, అంటుకుని, చివరికి గరగరలాడే ముద్ద అవుతాయి. గాలిలో తేమ 33 శాతం ఉంటే ఇది జరగడానికి రోజులు పడుతుంది. 75 శాతం ఉంటే గంట చాలు. విశాఖలో, కాకినాడలో, చెన్నైలో సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. వానాకాలంలో అక్కడ యంత్రం పక్కన నిలబడి పుల్లకు చుట్టించుకున్న మిఠాయి కూడా ఇంటికెళ్లేలోపు సగమవుతుంది.

దీనికి వ్యాపారులు కనిపెట్టిన ఉపాయం గాలి నింపి బిగించిన ప్లాస్టిక్ పొట్లం. లోపల దారాలు నలగవు, బయటి తేమ తగలదు. యంత్రాన్ని తోపుడు బండి మీద తిప్పనవసరం లేదు. ఒక గదిలో పొద్దున్నే తయారుచేసి, వంద పొట్లాలు గెడకు కట్టి సాయంత్రం దాకా అమ్ముకోవచ్చు.

ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాతి గొడవకంతటికీ బీజం ఇక్కడే పడింది. యంత్రం కళ్లముందు తిరిగినంతకాలం అదే ప్రకటన. పిల్లలు చూడటానికే మూగేవాళ్లు. తయారీ గదిలోకి వెళ్లిపోయాక కొనేవాడికి మిగిలింది పొట్లం ఒక్కటే. అందులో ఉన్నదేమో వాసన తెలియని, రుచి ముందే తెలిసిన పంచదార. దూరం నుంచి పిల్లాడి కంట పడాలంటే రంగు ఒక్కటే దారి. తయారీ కనుమరుగైన కొద్దీ రంగు ముదిరింది.

వేడికి నిలిచే రంగు ఏది?

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కుంది. చాలా మిఠాయిల్లో రంగును పాకం దించాకనో, చివర్లోనో కలపవచ్చు. పీచు మిఠాయిలో ఆ వీలు లేదు. రంగును ముందే పంచదార పలుకులకు పట్టించాలి, ఆ పలుకులతో పాటే అదీ 180 డిగ్రీల వేడిలోంచి బయటికి రావాలి. బీట్‌రూట్ రంగు ఆ వేడికి మాడి గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఇంట్లో చేసుకునే సహజమైన రంగులు చాలావరకు ఇంతే.

ఇంకో చిక్కు, దారాలుగా మారాక రంగు పలచబడినట్టు కనిపించడం. జీళ్లలో గాలి బుడగలు వెలుతురును చెదరగొట్టినట్టే ఇక్కడ వేల దారాలు చెదరగొడతాయి. ముదురు ఎరుపు పట్టించిన పంచదార కూడా లేత గులాబీగానే తేలుతుంది.

మన దేశంలో తిండికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. ఎరుపులో మూడు: పాన్‌సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో. నీలంలో ఇండిగో కార్మిన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. ఇవీ అన్ని వంటల్లోనూ వేయడానికి లేదు, మిఠాయిలు, శీతల పానీయాల వంటి కొన్నిటికే. మోతాదు సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ లెక్కన 25 గ్రాముల పొట్లంలో రంగు రెండున్నర మిల్లీగ్రాముల దగ్గర ఆగాలి.

రోడమిన్-బి ఈ ఎనిమిదిలో లేదు. దాన్ని బట్టలకు, తోలుకు, కాగితానికి, సిరాలకు వాడతారు. పొడిగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది, నీళ్లలో పడగానే గులాబీ రంగు తిరుగుతుంది. ఆ మెరుపు మామూలు మెరుపు కాదు. తన మీద పడిన వెలుతురును పీల్చుకుని, వేరే రంగు వెలుతురుగా తిరిగి చిమ్మే గుణం దానికుంది. నదుల్లో, భూమి లోపల నీరు ఎటు పోతోందో కనిపెట్టడానికి ఈ రంగు కలిపి చూస్తారంటే, ఎంత తక్కువ మోతాదులోనైనా కంటికి ఆనుతుందని అర్థం. వేడికి తట్టుకుంటుంది. దారాలుగా మారినా పలచబడదు. ఎండలో పొట్లం లోపల దీపం పెట్టినట్టు మెరుస్తుంది. పీచు మిఠాయి వ్యాపారి రంగు నుంచి కోరేవన్నీ దానిలో ఉన్నాయి, తినదగిన గుణం ఒక్కటి తప్ప.

చవక కాబట్టి వాడారా?

వార్తల్లో ఎక్కువగా వినిపించిన వివరణ ఇదే: తిండి రంగు ఖరీదు, బట్టల రంగు చవక, అందుకే కలిపారు. ఈ మాట తప్పు కాదు గానీ, లెక్క వేస్తే అంత బలంగా నిలవదు. కిలో పంచదార 45 రూపాయలనుకుంటే, 25 గ్రాముల చొప్పున 40 పొట్లాలవుతాయి. అంటే పొట్లానికి పంచదార ఖర్చు రూపాయి పైచిలుకు. పొట్లం 20 రూపాయలకు అమ్మితే కిలో మీద 800 వస్తుంది. ఇందులో యంత్రం, గది అద్దె, ప్లాస్టిక్, గెడ పట్టుకుని తిరిగే మనిషి కూలి అన్నీ పోవాలి. కిలో పంచదారకు చట్టం అనుమతించే రంగు 100 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాములో పదో వంతు. ఎంత ఖరీదైన తిండి రంగైనా ఈ మోతాదులో పొట్లానికి పడే ఖర్చు లెక్కలోకి రాదు. కేవలం డబ్బు మిగుల్చుకోవడానికే అయితే ఇందులో మిగిలేది చాలా తక్కువ.

మరి ఎందుకు? మొదటి కారణం పైన చెప్పుకున్న మెరుపు. చట్టం చెప్పిన మోతాదులో తిండి రంగు వేస్తే పొట్లం పాలిపోయినట్టుంటుంది, పక్కవాడి పొట్లం ముందు తేలిపోతుంది. రెండో కారణం రంగు దొరికే తీరు. చిన్న వ్యాపారి కొనేది చాలాసార్లు పేరూ ఊరూ లేని విడి పొడి. లేబుల్ ఉండదు, ‘తిండికి కాదు’ అని రాసి ఉండదు. చిటికెడు వేస్తే చాలునా, లేదా అన్నదే అక్కడ నాణ్యతకు కొలత. ఆ కొలతలో బట్టల రంగే గెలుస్తుంది. తెలిసి వేసేవాళ్లు ఉండరని కాదు. తెలియకుండా వేసేవాళ్లకు కూడా ఇది చేరిపోతుంది అన్నది గమనించాల్సిన సంగతి. గెడ పట్టుకుని తిరిగే మనిషిని పట్టుకుని పొట్లాలు పారబోయిస్తే టీవీలో బాగుంటుంది గానీ, ఆయన రంగు కలిపే గది కూడా చూసి ఉండకపోవచ్చు.

చట్టం ఈ వర్గాన్ని పూర్తిగా వదిలేయలేదు. నిబంధనల ప్రకారం చిన్న వ్యాపారం చేసేవాళ్లకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. పుదుచ్చేరి సర్టిఫికెట్ షరతు పెట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే, ఎవరు ఎక్కడ తయారుచేస్తున్నారో తెలిస్తే శాంపిల్ తీయవచ్చు. ఊళ్లు మారుతూ తిరిగే వ్యాపారం కావడంతో అది కాగితం మీద ఉన్నంత సులువు కాదు.

క్యాన్సర్ మాట ఎంతవరకు?

రోడమిన్-బి తింటే క్యాన్సర్ వస్తుందని శీర్షికలు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరణలో ఇది మూడో గ్రూపులో ఉంది. అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని గానీ, కలిగించదని గానీ తేల్చడానికి ఉన్న ఆధారాలు చాలవు. ఎలుకలకు చర్మం కింద ఇంజెక్షన్ చేసినప్పుడు ఆ చోట కణితులు వచ్చిన పరీక్షలున్నాయి. వాటిని బట్టి మనిషి తిన్నప్పుడు ఏమవుతుందో నేరుగా చెప్పలేరు. కాబట్టి చిన్నప్పుడు జాతరలో తిన్న నాలుగు పొట్లాలకు ఇప్పుడు టెన్షన్ పడాల్సిన పని లేదు.

అయితే ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘రుజువు కాలేదు కదా, మరి నిషేధం ఎందుకు’ అంటారు. తిండి రంగుల చట్టం నడిచేది అటునుంచి కాదు. హాని రుజువైన రంగులను తీసేసి మిగతావి వదిలేయరు. తినదగినదని పరీక్షల్లో తేలిన వాటినే జాబితాలో చేరుస్తారు, జాబితాలో లేనివన్నీ కూడనివే. బట్టల కోసం చేసిన రంగులో తయారీ మలినాలు ఎన్ని ఉన్నాయో చూసే బాధ్యత కూడా ఎవరికీ ఉండదు.

జాబితాలో ఉన్నవాటికి కొలత ఎలా పెడతారో చూస్తే తేడా తెలుస్తుంది. కార్మోయిసిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ పరిమితి, శరీర బరువు కిలోకు 4 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పిల్లాడికి 60. చట్టం చెప్పిన మోతాదులో వేసిన పొట్లంలో ఉండేది రెండున్నర. జీవితాంతం రోజూ తిన్నా ఇబ్బంది లేదనుకున్న మోతాదుకు అది చాలా దిగువన ఉంది. రోడమిన్-బికి తిండిలో ఇలాంటి అనుమతించిన పరిమితే లేదు. దానికి ‘కొంచెమే వేశాం’ అన్న జవాబు చెల్లదు.

జాబితా కూడా శిలాశాసనం కాదు. ఇక్కడ అనుమతి ఉన్న ఎరిత్రోసిన్‌ను తిండిలో వాడే అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది, కంపెనీలకు మార్చుకోవడానికి 2027 జనవరి దాకా గడువిచ్చింది. కార్మోయిసిన్, పాన్‌సో 4ఆర్, టార్ట్రజిన్ సహా ఆరు రంగులు వాడిన తిండి మీద, పిల్లల ఏకాగ్రతకూ ప్రవర్తనకూ ఇబ్బంది కలగవచ్చన్న హెచ్చరిక ముద్రించాలని ఐరోపా సమాఖ్యలో 2010 నుంచి నిబంధన ఉంది. మన దగ్గర ‘అనుమతి ఉన్న రంగు’ అన్న ముద్ర పడితే ఇక ప్రశ్నే లేదన్నట్టు చూస్తారు. అది కూడా సరైన వైఖరి కాదు.

ఇంట్లో తేల్చుకోవచ్చా?

చిలగడదుంపలకో, రాగులకో రంగు పూశారేమో చూడటానికి దూదిని నీళ్లలో గానీ నూనెలో గానీ ముంచి రుద్దే చిట్కాలు కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. అక్కడ అసలు రంగే రాకూడదు కాబట్టి దూదికి అంటితే తప్పు పట్టుకోవచ్చు. పీచు మిఠాయిలో ఆ చిట్కా పనిచేయదు. అనుమతి ఉన్న రంగైనా, లేని రంగైనా నీళ్లలో కరిగి గులాబీగానే దిగుతుంది. చీకట్లో నల్లలైటు (అల్ట్రావయొలెట్ దీపం) వేసి చూడమనే వీడియోలూ తిరుగుతున్నాయి. రోడమిన్-బి మెరవడం నిజమే గానీ, అదే రసాయన కుటుంబానికి చెందిన ఎరిత్రోసిన్‌కూ మెరిసే గుణముంది. దాన్నిబట్టి తీర్పు చెప్పలేం.

ల్యాబులో పాతకాలం నుంచీ నడుస్తున్న పద్ధతి మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. మిఠాయిని నీళ్లలో కరిగించి, అందులో తెల్ల ఉన్ని దారం వేసి మరిగిస్తారు. రంగు పంచదారను వదిలి ఉన్నికి పడుతుంది. దారాన్ని కడిగి, దానినుంచి రంగును మళ్లీ విడిపించి, ప్రత్యేకమైన కాగితం మీద చుక్క పెడతారు. పక్కనే తెలిసిన రంగుల చుక్కలు. కాగితం అంచును ద్రావకంలో ఉంచితే అది పైకి పాకుతూ ఒక్కో రంగును ఒక్కో ఎత్తుకు మోసుకెళ్తుంది. ఏ చుక్క దేనితో సమంగా ఆగిందో చూసి పేరు చెబుతారు. ఇప్పుడు దీన్ని మరింత కచ్చితంగా చేసే యంత్రాలొచ్చాయి, సూత్రం అదే.

కొనేవాళ్లకు మిగిలే దారి లేబుల్. పొట్లం మీద తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, వాడిన రంగు పేరు ఉంటే అడగడానికి ఒక మనిషి ఉన్నట్టు. మాల్స్‌లో కళ్లముందే తిప్పి ఇచ్చేవాళ్ల దగ్గరైతే పంచదార డబ్బా చూపించమని అడగవచ్చు. పొట్లం మీద ఏమీ లేకపోతే, మిఠాయి తెల్లగా ఉంటేనే కాస్త నమ్మకం.

తెల్లగా అమ్ముడుపోతుందా?

కర్ణాటక తెల్లదాన్ని వదిలేసింది గానీ, రంగు లేకపోతే అది పీచు మిఠాయిలా ఉండదని వ్యాపారుల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం, పైన చూసినట్టు పొట్లంలోకి వెళ్లాక రంగే దాని ప్రకటన. కానీ ఈ మిఠాయికి ఊరూరా పెట్టిన పేర్లు చూస్తే ఒక సంగతి కనబడుతుంది. తమిళంలో పంజు మిఠాయి, అంటే దూది. హిందీలో బుఢియా కే బాల్, ముసలమ్మ జుట్టు. పారసీలో ఈ కోవలోని పష్మక్, ఉన్ని లాంటిది. ఫ్రెంచిలో నాన్న గడ్డం. బెంగాలీలో హవాయి మిఠాయి, గాలి మిఠాయి. తెలుగులో పీచు. దూది, ఉన్ని, నెరిసిన జుట్టు, గాలి. ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లు పెట్టినవాళ్లలో ఒక్కరూ గులాబీని తలచుకోలేదు.